పెంకు మీది నీలం, నెత్తుటిలోని నీలం

(నల్లగొండలో జువాలజీ చదివే డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ బయాలజీ టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులేమ్మా. ముప్పై రెండేళ్ళు క్లాసులో అరిచిన గొంతు, వెనక బెంచీ దాకా వినబడుతుంది. ముందు ఈ ప్లాస్టిక్ డబ్బాను ఒకరి నుంచి ఒకరికి పంపించండి. మూత మాత్రం తీయొద్దు. తీస్తే లోపలివాడు బయటికొస్తాడు. వేలు దొరికితే వదలడు.

దీన్ని ఇంగ్లీషులో క్రేఫిష్ అంటారు, తెలుగులో పేరు లేదు. మా అమ్మ మొదటిసారి చూసి, "రొయ్యకూ ఎండ్రికాయకూ పుట్టినట్టుంది కదరా" అంది. శాస్త్రం ప్రకారం తప్పే, కానీ వర్ణన కింద పదికి పది వేయొచ్చు. పేరు లేకపోవడానికి కారణం ఏమిటంటే, క్రేఫిష్ మన దేశంలో సహజంగా ఎక్కడా పుట్టదు. ఉత్తర అమెరికాలో వందల జాతులున్నాయి, యూరప్‌లో ఉన్నాయి, ఆస్ట్రేలియాలో ఉన్నాయి, చివరికి మడగాస్కర్‌లో కూడా ఉన్నాయి. మన దగ్గర లేవు. అక్వేరియం షాపులవాళ్ళు "బ్లూ లాబ్‌స్టర్" అని అమ్ముతారు. లాబ్‌స్టర్ సముద్రంలో ఉంటుంది, ఇది మంచినీళ్ళది. చుట్టాలే గానీ ఒకటి కాదు. ఇది మనది కాదన్న మాట మాత్రం పక్కన పెట్టుకోండి, తర్వాత మళ్ళీ అక్కడికే వస్తాను.

డబ్బాలో ఉన్నది ప్రోకాంబరస్ క్లార్కీ. అమెరికాలో లూసియానా వైపు బురద నేలల్లో ఉంటుంది. అక్కడ దీన్ని గంపలకొద్దీ ఉడకబెట్టుకుని తింటారు. అసలు రంగు ముదురు ఎరుపు, దాదాపు మెరూన్. పెంచేవాళ్ళు దీనిలోంచే నీలం, తెలుపు, నారింజ తీశారు. ఫ్లోరిడాలో ఇంకో జాతి ఉంది, అలెని. షాపుల్లో "ఎలక్ట్రిక్ బ్లూ" అంటారు. అది కూడా చెలమల్లో ఎక్కువగా గోధుమ రంగుదే. మెక్సికోలో ఒక సరస్సుది చిటికెన వేలంత చిన్న జాతి, అదిప్పుడు ప్రపంచమంతా నారింజ రంగులోనే అమ్ముడవుతుంది. అంటే షాపులో మీరు చూసే రంగు చాలావరకు మనిషి ఎంచుకున్న రంగు.

ఈ పని మనకు కొత్త కాదు. అమ్రాబాద్ వైపు నల్లమల అంచున పొడ తూర్పు ఆవులున్నాయి, తెలుసా? తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు. పొడ అంటే ఆ మచ్చే. తూర్పు నుంచి వచ్చిన ఎద్దులని పడమటి రైతులు ఆ పేరు పెట్టారు. కురుమూర్తి జాతరలో బేరానికి నిలబెట్టినప్పుడు రైతు మొదట చూసేది పొడ, తర్వాతే డెక్క. ఇక మన పాలమూరు కురుమల గొర్రెలు. నల్ల గొంగడికి నల్ల ఉన్ని కావాలి. మందలో ఏ పొట్టేలును ఉంచాలో, ఏ పొట్టేలును అమ్మేయాలో ఆ తాతలు ఎప్పుడో తేల్చుకున్నారు. మెండెల్ బఠానీ గింజలు లెక్కపెట్టకముందే. వాళ్ళకు తెలిసి, నాకు తెలియక, నేను పోగొట్టుకున్న ఎనిమిది నెలల గురించి చెబుతాను ఈ పూట.

కథ తర్వాత. ముందు రంగు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఇది తేలకపోతే ఎంపిక అన్న మాటకే అర్థం లేదు.

పోచంపల్లిలో చీర ఎట్లా నేస్తారు? నేసిన తర్వాత రంగు వేయరు. నూలుకు ముందే చిటికి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. రంగు దారంలో ఉంది. అదే చీర మీద వంటింట్లో పసుపు పడిందనుకోండి, అది కూడా రంగే, కానీ దారంలోది కాదు. క్రేఫిష్‌కు ఈ రెండు రకాల రంగూ ఉంటుంది. కంటికి రెండూ ఒకేలా కనబడతాయి. కష్టమంతా అక్కడే.

రొయ్య, ఎండ్రికాయ, లాబ్‌స్టర్, క్రేఫిష్, వీటి పెంకులో ఆస్టాక్సాంథిన్ అని ఒక పదార్థం ఉంటుంది. అది విడిగా ఉంటే ఎర్రనారింజ. ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని వంచితే నీలంగా కనిపిస్తుంది. లాబ్‌స్టర్‌లో ఆ ప్రోటీన్ పేరు క్రస్టాసయానిన్. దాని ఆకారం ఎట్లా ఉంటుందో 2002లో తేల్చారు. ఉడికిస్తే ఏమవుతుంది? వేడికి ప్రోటీన్ చెడిపోయి పట్టు వదిలేస్తుంది, ఎరుపు బయటపడుతుంది. మీ అమ్మ రొయ్యల కూర వండిన ప్రతిసారీ జరిగే కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఇది. ఒకసారి నా దగ్గర ఒకే వారంలో ఒక నీలంది, ఒక మెరూన్‌ది చచ్చిపోతే రెంటినీ గిన్నెలో ఉడికించి చూశాను. పది నిమిషాల తర్వాత ఏది నీలమో నాకే తెలియలేదు. మా మనవరాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

(నవ్వులు)

ఇప్పుడు అసలు చిక్కు. ఈ ఆస్టాక్సాంథిన్‌ను, దానికి ముడిసరుకైన కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను క్రేఫిష్ తన ఒంట్లో మొదటి నుంచీ తయారు చేసుకోలేదు. తిండి నుంచి రావాలి. నాచు, ఆకులు, చిన్న పురుగులు. తిండిలో అది తగ్గితే? ఎరుపు తగ్గి, ఉన్న కొద్దిపాటిదీ నీలంగా తేలుతుంది. కోస్తాలో టైగర్ రొయ్యలు పెంచినవాళ్ళను అడగండి, కెరోటినాయిడ్ లేని మేత వేస్తే చెరువులో రొయ్యలు నీలంగా మారడం వాళ్ళకు తెలుసు. అంటే ఒక నీలం ఆకలి వల్ల వస్తుంది. ఇంకో నీలం నెత్తుటిలోంచి, అంటే తల్లిదండ్రుల నుంచి వస్తుంది. షాపు గాజు తొట్టిలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ ఒకే ధర.

ఏది ఏదో ఎట్లా తెలుసుకోవాలి? తెచ్చిన జంతువుకు బాగా తిండి పెట్టండి. క్యారెట్, గుమ్మడి ముక్క, ఉడికించిన మునగాకు, వారానికి రెండుసార్లు చేపల మేత గుళికలు, నానిన బాదం ఆకు. అట్లా రెండుసార్లు కుబుసం విడిచే దాకా ఆగండి. ఆకలి నీలమైతే కొత్త పెంకులో గోధుమ, ఎరుపు ఛాయ దిగుతుంది. నెత్తుటి నీలమైతే నిలబడుతుంది, తరచుగా ఇంకా ముదురుతుంది.

తిండి ఒక్కటే కాదు, నేల కూడా రంగు మారుస్తుంది. ఒకే తల్లి పిల్లల్ని రెండు ట్రేల్లో వేశాను. ఒకదాని అడుగున నల్ల కడప బండ, ఇంకోదాని అడుగున తెల్ల టైలు. ఆరు వారాల తర్వాత ఒకరిద్దరు మిత్రులకు చూపిస్తే రెండు జాతులనుకున్నారు. వీటి కళ్ళు కాడల మీద ఉంటాయి. ఆ కాడలోని గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లు చర్మంలోని రంగు కణాలను విప్పుతాయి, ముడుస్తాయి. ముదురు నేల మీద ముదురుగా, తెల్ల నేల మీద పాలిపోయినట్టు. ఇది కూడా చీర మీద పసుపే. పిల్లలకు సంక్రమించదు.

అందుకే నా పద్ధతి ఇది. రంగు చూడాలంటే అక్వేరియం లైటు కింద చూడను. ఆ నీలం ఎల్‌ఈడీ కింద నా బనియన్ కూడా నీలమే. పొద్దున ఎనిమిది గంటలకు వరండాలో తెల్ల బేసిన్‌లో నాలుగు వేళ్ళ నీళ్ళు పోసి, అందులో వేసి చూస్తాను. అది కూడా కుబుసం విడిచిన పది రోజులకు. కొత్త పెంకు మెరుస్తుంది, పాత పెంకు నాచు పట్టి మాసిపోతుంది. ఒకదాన్ని మూడో రోజున, ఇంకోదాన్ని నలభయ్యో రోజున చూసి ఇది మంచిది, అది చెడ్డది అంటే పెళ్ళికూతుర్ని, పొలం నుంచి వచ్చిన మనిషిని పక్కన నిలబెట్టి పోల్చినట్టు.

కుబుసం అన్నాను కాబట్టి చూసింది చెప్పాలి. మొదటి ఏడాది ఒక రాత్రి పదకొండు గంటలకు అమ్మ పిలిచింది: "ఒరేయ్, నీ పురుగొకటి చచ్చింది. ఇంకోటి ఎక్కడి నుంచి తెచ్చి పెట్టావ్?" పోయి చూస్తే తొట్టిలో రెండున్నాయి. నేను పెట్టింది ఒకటే. ఒకటి వెల్లకిలా పడి ఉంది, కాళ్ళు, గిట్టలు, మీసాలు, కంటి మీది పొర దాకా అన్నీ ఉన్నాయి, లోపల ఏమీ లేదు. వీపు దగ్గర, తోక మొదలయ్యే చోట చీలిక. రెండోది పైపు ముక్క వెనక నక్కి ఉంది, తడిసిన కాగితంలా మెత్తగా, మునుపటికంటే పెద్దగా, ఎన్నడూ చూడనంత నీలంగా. ఆ ఖాళీ గుల్లను నేను తీసి పారేశాను. పారేయకూడదు. అది దాన్ని తిరిగి తింటుంది, సున్నం కోసం. కుబుసానికి ముందు పెంకులోని కాల్షియం కొంత లాక్కుని పొట్టలో చిన్న తెల్లటి రాళ్ళుగా దాచుకుంటుంది, కొత్త పెంకు గట్టిపడటానికి అదే మొదటి పెట్టుబడి. మిగతాది గుల్ల నుంచి, నీళ్ళ నుంచి. మన బోరు నీళ్ళు గట్టివని బాధపడతాం గదా, పప్పు ఉడకదని. ఈ ఒక్క జీవికి అవి కలిసొచ్చాయి. చాలకపోతే మూలికల అంగట్లో సముద్రపు నురుగు, అంటే కటిల్‌ఫిష్ ఎముక, అడగండి, ఒక ముక్క వేస్తే చాలు.

ఇక నా ఎనిమిది నెలల కథ.

హైదరాబాద్‌లో ఒక షాపులో ఒక నీలం మగది, ఒక మెరూన్ ఆడది కొన్నాను. షాపు పేరెందుకు లెండి. ఇంటికి తెచ్చి కలిపాను. మగది ఆడదాన్ని పట్టుకుని వెల్లకిలా తిప్పి, గిట్టలతో గిట్టలు అదిమి, గంటసేపు కదల్లేదు. నేను పక్కన స్టూలు వేసుకుని నోట్‌బుక్‌లో టైము రాసుకున్నాను. పెద్ద పరిశోధకుణ్ణి! కొన్ని వారాలకు తోక కింద గుడ్లు. నేరేడు పళ్ళ గుత్తిలాగా నల్లగా, జిగురుతో ఈత కాళ్ళకు అంటుకుని. ఆమె తోకను ముడిచి విప్పి, వాటికి గాలి ఆడేలా ఊపుతూనే ఉంటుంది. మూడు వారాల లోపు పిల్లలయ్యాయి, రెండుసార్లు కుబుసం విడిచేదాకా తల్లి కిందే వేలాడి, తర్వాత దిగాయి. 140 చిల్లర.

నెల తిరిగేసరికి వాటిలో మెరూన్‌వి ఉన్నాయి, సరే. నాలుగు నారింజ రంగువి ఉన్నాయి! నీలం, మెరూన్ కలిస్తే నారింజ! నేను కొత్త రంగు కనిపెట్టానని ఇంటిల్లిపాదికీ చెప్పాను. ఆ నాలుగింటినీ విడిగా పెంచాను, వాటిని వాటితోనే కలిపాను, చార్టు గీశాను, గోడకు అంటించాను. ఎనిమిది నెలలు. చివరికి ఒక రోజు ఆ చార్టు ముందు నిలబడి, పదో తరగతికి నేనే చెప్పిన పాఠం గుర్తుచేసుకుంటే చెమట పట్టింది. ఈ జాతిలో ఆడదానికి కాళ్ళ మధ్య, ఛాతీ కింద ఒక చిన్న సంచి లాంటి భాగం ఉంటుంది. మగదాని వీర్యాన్ని అందులో వారాల తరబడి దాచుకుంటుంది. షాపు తొట్టిలో అది ఏయే మగవాటితో ఉందో దేవుడికెరుక. ఒకే ఈతలో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలుండొచ్చు. నా నీలం మగదానికి ఆ నారింజలతో సంబంధమే లేకపోవచ్చు.

కురుమ తాత అయితే ఈ తప్పు చేయడు. మందలో పొట్టేలుకు కడుపు కింద గుడ్డ కట్టి, కావలసినప్పుడే విప్పుతాడు.

మందు సులువే. ఆ సంచి పెంకులో భాగం. కుబుసంతో పాటు దాచుకున్న సరుకూ పోతుంది. కాబట్టి కొన్న ఆడదాన్ని ఒంటరిగా ఉంచండి, ఒకసారి కుబుసం విడవనివ్వండి, పెంకు గట్టిపడ్డాక మగదాన్ని కలపండి. మన ఇంట్లో పుట్టినవాటినైతే రెండో నెల దాటకముందే ఆడ, మగ విడదీయండి. తిప్పి చూస్తే మగదానికి తోక మొదట్లో రెండు జతల ఈత కాళ్ళు గట్టిపడి, ముందుకు మడిచినట్టు ఉంటాయి. ఆడదానికి ఉండవు. భూతద్దం ఉంటే పావుగంటలో నేర్చుకుంటారు.

సరే, అంతా సవ్యంగా చేశామనుకుందాం. రెండోసారి నేను చేశాను. నీలం మగది, కుబుసం విడిచిన మెరూన్ ఆడది. పిల్లలన్నీ మెరూన్. ఒక్క నీలం లేదు. ఇక్కడే చాలామంది "షాపువాడు మోసం చేశాడు" అని ఆపేస్తారు. ఆపకూడదు. కొన్ని అమెరికన్ జాతుల్లో జత కలిపి చూసిన పరిశోధకులకు నీలం ఒకే ఒక అంతర్గత జన్యువు వల్ల వస్తున్నట్టు తేలింది. రెండు వైపుల నుంచీ వస్తేనే పైకి కనబడుతుంది. మన ఊరి పాత పేరు నీలగిరి అంటారు గదా. ఇప్పుడు బస్సు మీద నల్లగొండే, నోట్లో నల్లగొండే. మున్సిపాలిటీ కాగితాల్లో మాత్రం నీలగిరి అన్న పేరు చాలాకాలం ఉంది. పైకి నలుపు, కాగితంలో నీలం. ఆ మెరూన్ పిల్లలు అచ్చం అట్లాంటివే.

వాటిలో అన్నాచెల్లెళ్ళను కలిపాను. ఈసారి 212 దిగాయి. రంగు తేల్చగలిగే వయసుకు 61 మిగిలాయి. మిగతావి ఏమయ్యాయని అడగొద్దు, ఒకదాన్నొకటి తిన్నాయి. ముఖ్యంగా కుబుసం విడిచి మెత్తగా ఉన్నవాటిని. బిర్యానీ పార్సిల్ డబ్బాలు దాచడం నేను అప్పటి నుంచే మొదలుపెట్టాను, ఒక్కోదానికి ఒక్కో డబ్బా. మా ఇంటికొచ్చినవాళ్ళు మేము రోజూ బిర్యానీ తింటామనుకుంటారు. ఆ 61లో నీలం 13. లెక్క ప్రకారం పదిహేను రావాలి. మెండెల్ సంతోషిస్తాడు.

మిగిలిన 48 మెరూన్‌వి పనికిరానివా? కాదు. వాటిలో సగటున మూడింట రెండు నీలాన్ని లోపల మోస్తున్నాయి. ఏవి మోస్తున్నాయో తెలుసుకోవాలంటే నీలందానితో కలిపి చూడాలి. మోస్తుంటే పిల్లల్లో సగం నీలం రావాలి. ఏడు పిల్లలు చూశారు, ఒక్కటీ నీలం లేదు. అదృష్టం బాగోక అట్లా జరిగే అవకాశం 128లో ఒకటి. ఇంకో ఏడు చూస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. పరీక్షలో ఈ లెక్క వస్తుంది, రాసుకోండి. రాకపోయినా రాసుకోండి.

నీలమా కాదా అన్నది ఒక జన్యువు తేలుస్తుంది. ఎంత నీలం, ఎంత మెరుపు, గిట్టల చివర ఎరుపు ఉందా లేదా, ఇవి అట్లా అవునూ కాదూ అని తెగవు. చాలా జన్యువులు తలా ఒక చెయ్యి వేస్తాయి. అక్కడ ఓపిక కావాలి. పదమూడింటిలో మూడింటిని ఉంచి, వాటి పిల్లల్లో మళ్ళీ మూడింటిని ఉంచి, ఇట్లా పోవాలి. అందరూ రంగు, సైజు చూసి ఉంచుకుంటారు. నేను మూడోది కూడా చూస్తాను: కుబుసం కష్టపడకుండా విడిచిందా? పాత పెంకులో గిట్ట ఇరుక్కుని సగంలో చచ్చేవాటి పిల్లలు ఎంత నీలమైతే ఏం లాభం? తెల్లవి నాకు నచ్చవు, నిజం చెబుతున్నా. ఉడకబెట్టిన గుడ్డుకు కాళ్ళొచ్చినట్టుంటాయి. కానీ అడిగేవాళ్ళు ఎక్కువ తెల్లవే అడుగుతారు.

అన్నాచెల్లెళ్ళను కలపడం అనగానే ముందు వరుసలో ఇద్దరు మొహం చిట్లించారు. చిట్లించాల్సిందే. మన దగ్గర మేనరికాలున్నాయి. మేనత్త కొడుకును చేసుకుంటే పుట్టే బిడ్డకు ఒక జన్యువు జతలో రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో ఒకటి. మేనమామనైతే 8లో ఒకటి. అన్నాచెల్లెళ్ళకైతే 4లో ఒకటి. వాటి పిల్లల్లో మళ్ళీ అన్నాచెల్లెళ్ళను కలిపితే 8లో మూడు. దాగిన నీలాన్ని బయటికి తెచ్చే దారీ ఇదే, దాగిన జబ్బును బయటికి తెచ్చే దారీ ఇదే. నా దగ్గర నాలుగో తరానికి గుడ్లు తగ్గాయి, కుబుసం చావులు పెరిగాయి. అప్పుడు బయటి నుంచి ఒక గట్టి మెరూన్‌ను తెచ్చి కలిపాను. నీలం ఒక తరం పాటు మాయమైంది, మళ్ళీ వచ్చింది. నేను ముసలివాణ్ణి, నాకే ఓపిక ఉంటే మీకేం?

ఒక్క క్రేఫిష్ విషయంలో మాత్రం ఈ పాఠమంతా పనికిరాదు. మార్బుల్డ్ క్రేఫిష్. 1990ల్లో జర్మనీలో అక్వేరియం వ్యాపారంలో బయటపడింది. అన్నీ ఆడవే. మగదాని అవసరం లేకుండానే గుడ్లు పెడుతుంది, పిల్లలన్నీ తల్లికి నకళ్ళు. 2018లో దీని జన్యుపటం మొత్తం చదివారు, క్రోమోజోములు జతలుగా కాక మూడేసి ఉన్నాయి. ఇప్పుడు చూడండి: జన్యువులు ఒకటే, తొట్టి ఒకటే, తిండి ఒకటే, అయినా ఏ రెండు అక్కచెల్లెళ్ళ ఒంటి మీదా పాలరాయి గీతలు ఒకేలా ఉండవు. అందమైన గీతలున్నదాన్ని ఏరి పెంచితే పిల్లలకు అవే గీతలు రావు. రాసే చెయ్యి ఒకటే, ప్రతిసారీ రాత కాస్త మారుతుంది. అక్కడ ఎంపిక చేయడానికేమీ లేదు. అది ఒక్కటి నీళ్ళలో పడితే చాలు, ఊరు కడుతుంది. మడగాస్కర్‌లో అదే జరిగింది.

నేను చేసిన ఇంకో ఘనకార్యం చెప్పి ముందుకు పోతాను. మా తమ్ముడికి హాలియా దగ్గర బత్తాయి తోట ఉంది. చెట్ల మొదళ్ళకు బోర్డో పేస్టు పూస్తారు గదా, మైలుతుత్తం, సున్నం కలిపి. ఆ కలిపిన బకెట్ ఒకటి మా ఇంటికి చేరింది. కడిగే ఉంది, నీలం మరక కూడా లేదు. ఆ బకెట్‌తో తొట్టిలో నీళ్ళు మార్చాను. తెల్లారేసరికి మూడో తరం పిల్లలు ఇరవై మూడు వెల్లకిలా ఉన్నాయి. రాగి వీటికి విషం. చేపలకు తెల్లమచ్చల జబ్బుకు వేసే కొన్ని మందుల్లో కూడా రాగి ఉంటుంది, సీసా మీద చదవకుండా వేయకండి. నల్లా నీళ్ళైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు ఉంచి పోయండి. ఇక మన ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? మేలో నలభై నాలుగు దాటితే మేడ మీది రేకుల గదిలో నేనే బతకను. తొట్లు కింది గదిలోకి దించి, తడి గోనెసంచి చుట్టి, ఫ్యాను వేసి, గాలి పంపును ఇన్వర్టర్‌కు కలిపాను.

ఇప్పుడు మొదట పక్కన పెట్టమన్న మాట. ఒక ఈతలో వంద నుంచి మూడు నాలుగు వందలు. ఉంచుకునేది మూడు. మిగతావి?

ఈ ప్రశ్నకు జవాబు లేనివాళ్ళు ఈ పని మొదలుపెట్టొద్దు. ఒక మిత్రుడు మంచి మనసుతోనే అన్నాడు, "చంపడమెందుకు సార్, పానగల్లు ఉదయసముద్రంలో వదిలేద్దాం, పుణ్యం." నేను కోప్పడ్డాను. 1927లో జపాన్‌కు ఇదే క్లార్కీని తెచ్చారు, కప్పల ఫారంలో కప్పలకు మేతగా. బతికి దిగినవి ఇరవై దాకా. ఇప్పుడు జపాన్‌లో అవి లేని పొలం కాలువ వెతుక్కోవాలి. 2023 జూన్ నుంచి అక్కడ వీటిని అమ్మడం, నీళ్ళలో వదలడం నేరం. స్పెయిన్‌లో 1970ల్లో తెస్తే వరి మళ్ళలోకి పాకాయి, గట్లకు బొరియలు పెట్టాయి. అమెరికా జాతులు ఒక బూజు తెగులును తమకేమీ కాకుండా మోస్తాయి, ఆ తెగులు యూరప్ సొంత క్రేఫిష్‌లను ఏళ్ళ తరబడి తుడిచిపెట్టింది.

మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు అలుగు పోస్తే నీళ్ళు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో దానికి, చివరికి మూసీకి, కృష్ణకు. ఒక చెరువులో వదిలింది ఒక చెరువులో ఉండదు. ఎండాకాలం చెరువెండితే చస్తాయిలే అనుకోకండి, బురదలో బొరియ తీసి వాన పడేదాకా కూచుంటాయి. వాన రాత్రి గట్టు మీద నడిచి పోతాయి కూడా. అక్వేరియంలో గాజు తుడుస్తుందని కొన్న సక్కర్ చేపను ఎవరో కాలువలో వదిలారు. ఇప్పుడు జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు, ముళ్ళకు వలలు చిరుగుతున్నాయి. గుర్రపుడెక్క కూడా పువ్వు బాగుందనే తెచ్చారు.

మరి నేనేం చేస్తానంటే, పెద్దవాటి డబ్బాలో చిన్నవి కొన్ని మేత అవుతాయి. అది వాటి ప్రకృతే. మిగతావాటిని ఐసు నీళ్ళలో వేసి, స్పృహ పోయాక ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తాను. తొట్టి కడిగిన నీళ్ళు మోరీలో పోయను, పూలకుండీల్లో పోస్తాను, బట్టతో వడగట్టి. ఆ పని చేసే రోజు నాకు అన్నం సరిగా దిగదు. పదేళ్ళయినా అలవాటు కాలేదు.

ఇంక మీరడగండి.

(ఒక విద్యార్థిని: సార్, రంగు మేత వేస్తే ఇంకా బాగా వస్తుందంటారు, వేయొచ్చా?)

వేయొచ్చమ్మా, అందం కోసమైతే. ఎంపిక చేసే తొట్టిలో మాత్రం అన్నిటికీ ఒకే మేత. సగం వాటికి రంగు మేత వేసి సగం వాటికి మామూలుది వేస్తే నువ్వు ఎంచుకునేది క్రేఫిష్‌ను కాదు, మేత కంపెనీని.

(ఒక విద్యార్థి: దీంతో డబ్బులొస్తాయా సార్?)

పదేళ్ళ ఖర్చు, రాబడి రాసి పెట్టాను. మా ఆవిడకు చూపించలేదు. (నవ్వులు) కరెంటు బిల్లుకు వస్తాయి, నీ కష్టానికి రావు. డబ్బుకైతే బత్తాయి వేసుకో.

(అదే విద్యార్థి: అయితే మాకో జత ఇవ్వండి సార్, మేం కూడా చేస్తాం.)

జత ఇవ్వను. ముందు ఏడాది మగది ఒక్కటే పెంచు. తిండి పెట్టు, కుబుసం తేదీలు రాయి, తెల్ల బేసిన్‌లో పెట్టి ఫొటోలు తియ్యి. ఏడాది తర్వాత ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి రా, పేజీలు నిండి ఉంటే అప్పుడు ఆడదాని సంగతి మాట్లాడదాం. మగవి ఇప్పుడు నా దగ్గర నాలుగున్నాయి. గట్టి మూత ఉన్న డబ్బా తెచ్చుకో. ఏదైనా పర్లేదు, ఐస్‌క్రీం డబ్బా అయినా సరే. తోటలో మందు కలిపింది మాత్రం తేకు.